చేపల్ని తోసేసిన పెంటయ్య

అనగా అనగా ఒక ఊరు. పెద్ద ఊరేమీ కాదు, సముద్రం ఒడ్డున ఇసుకలో లేచిన కొన్ని తాటాకు పాకలు. ఏ రాజు కాలమని మాత్రం అడక్కండి. తమకొక రాజున్నాడన్న సంగతి ఆ ఊరివాళ్ళకే తెలియదు.

ఆ ఊళ్ళో పెంటయ్య అని వలలు బాగుచేసేవాడు ఒకడుండేవాడు. ముందు పుట్టిన బిడ్డలెవరూ దక్కలేదని, వీడైనా బతకాలని తల్లి పెంటకుప్ప మీద దొర్లించి ఆ పేరు పెట్టింది. బతికాడు గానీ ఉబ్బసంతో బతికాడు. నాలుగడుగులు వేస్తే ఛాతీలో పిల్లికూతలు. తాడు లాగలేడు, తెప్ప ఎక్కలేడు. చెట్టంత మగాళ్ళ మధ్య అతణ్ణి మనిషిగా లెక్కేసినవాళ్ళు తక్కువ.

ఒకసారి గాలి కోసం ఆగిన చీనా ఓడ ఒకటి, జ్వరంతో ఉన్న ముసలి నావికుణ్ణి ఒడ్డున దింపేసి తన దారిన తాను పోయింది. పెంటయ్య అతనికి గంజి పోసి బతికించాడు. ఊరికే కూర్చుని తినడానికి సిగ్గుపడి, ఆ ముసలాయన తనకొచ్చిన ఒకే ఒక్క విద్య పెంటయ్యకు నేర్పాడు. ఇప్పుడు పట్నాల్లో దాన్నే తైచీ అంటున్నారట. ఆ ఊళ్ళో దానికి పేరే లేదు.

చూడబోతే ఆ విద్యలో ఏమీ లేదు. మోకాళ్ళు కాస్త వంచి నిలబడాలి. నిండుకుండ మోస్తున్నంత నెమ్మదిగా ఒంటి బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చాలి. ఊపిరి బొడ్డు కిందికి దిగాలి. చేతులు మెల్లగా లేవాలి, గుండె దగ్గరికి రావాలి, రెండు అరచేతులూ ముందుకు తోయాలి. మళ్ళీ మొదటికి. ముసలాయన కన్నుమూశాక కూడా పెంటయ్య రోజూ తెల్లారగానే సముద్రానికి ఎదురుగా నిలబడి ఇదే చేసేవాడు. పిల్లికూతలు తగ్గాయి. నడకా అలాగే నెమ్మదించింది, మాటా అలాగే నెమ్మదించింది. ఎవరైనా తిడితే ఎదురు చెప్పకుండా పక్కకు జరిగేవాడు. తిట్టినవాడికి తిట్టిన సుఖం కూడా దక్కేది కాదు.

ఇక పోలయ్య సంగతి. ఊరంతా కలిసి ఒడ్డుకు లాగే పెద్దవలకు అతను పెద్ద. మంచివాడే గానీ వట్టి తొందర మనిషి. ఊరి ఆకలంతా తన భుజాల మీదే ఉందని అతని నమ్మకం. ఆ ఏడు చేప రాలేదు. వల లాగారు, నాచు. మళ్ళీ లాగారు, నాచు. మూడోసారి లాగారు, నాచే. ఇళ్ళల్లో పొయ్యిలు ఆరిపోయాయి. ఒక పొద్దున ఖాళీ వల పక్కన కూలబడ్డ పోలయ్య తలెత్తి చూశాడు. కాస్త దూరంలో పెంటయ్య. రెండు చేతులూ చాచి సముద్రం వైపు తోస్తున్నాడు. ఆగి, మళ్ళీ తోస్తున్నాడు.

పోలయ్య నిర్ఘాంతపోయాడు. ఊరంతా ఇటు లాగుతుంటే వీడొక్కడు చేపల్ని అటు తోస్తున్నాడా?

నవ్వకండి. తాడు లాగి బతికేవాళ్ళకు లోకంలో ఉన్నవి రెండే పనులు, లాగడం, తోయడం. పోలయ్య చెప్పగానే ఊరు ఊరంతా అవునంది. పెద్దలు పెంటయ్యను పిలిచి ఆ పని మానెయ్యమన్నారు. మానితే ఊపిరాడదన్నాడు. అయితే ఊరు విడిచి పొమ్మన్నారు. ఈ ఒడ్డు తప్ప తనకెవరున్నారన్నాడు. మర్నాడు పొద్దున్నే వచ్చి మళ్ళీ నిలబడ్డాడు.

పోలయ్యకు ఒళ్ళు మండింది. పొడి ఇసుక మీద నిలబడ్డ పెంటయ్యను వచ్చి ఒక్క తోపు తోశాడు. పెంటయ్య నడుము కొంచెం తిరిగింది, అంతే. పోలయ్య వెళ్ళి ఇసుకలో బోర్లాపడ్డాడు. రెండోనాడు తడి ఇసుక మీద ఇంకా గట్టిగా తోశాడు. ఇంకా దూరం వెళ్ళి పడ్డాడు. ఊరందరి ముందూ పరువు పోయింది.

"మావా, ఎల్లిపో," అన్నాడు లేచి. "పిల్లలు పస్తులుంటన్నారు. ఇంకెందుకు తోస్తావు?"

"నానెవుల్నీ తొయ్యట్లేదురా అల్లుడా. నన్ను నాను నిలబెట్టుకుంటన్నాను," అన్నాడు పెంటయ్య.

మూడోనాడు పెంటయ్య నడుములోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. పోలయ్య వెనక నుంచి పరిగెత్తుకొచ్చి, ఉన్న బలమంతా పెట్టి తోశాడు. పెంటయ్య దారి ఇచ్చాడు. తన బలమే తన్ను ఈడ్చుకుపోగా పోలయ్య వెళ్ళి లోతులో పడ్డాడు. కింద నుంచి లోపలికి లాగే నీరు అతణ్ణి పట్టుకుంది. ఎంత ఈదితే అంత వెనక్కి పోయాడు. చేతులు బరువెక్కాయి, నోట్లోకి నీళ్ళు వచ్చాయి. చచ్చిపోతున్నానని అతనికి అర్థమైంది.

అప్పుడు ఒక చెయ్యి అతని మణికట్టును మెల్లగా తాకింది.

"ఈదకు. నీరు ఎటెల్తే అటెల్లు. కాసేపటికి అదే వదిలేస్తాది."

పోలయ్య ఈదడం మానేశాడు. పుట్టాక అలాంటి మాట వినడం అదే మొదలు. నీరు ఇద్దర్నీ లోపలికి తీసుకెళ్ళింది, పక్కకు తిప్పింది, అలసిపోయినట్టు వదిలేసింది. అలలు ఇద్దర్నీ దూరంగా ఒడ్డుకు చేర్చాయి. పోలయ్య లేచి కూర్చున్నాడు. పెంటయ్య లేవలేదు. ఛాతీలో పిల్లికూతలు మళ్ళీ మొదలయ్యాయి, ఈసారి ఆగేలా లేవు.

"నిన్ను తోసింది నాను కదా మావా. నా కోసం ఎందుకొచ్చినావు?" అని ఏడ్చాడు పోలయ్య.

"నువ్వా తోసింది? నాను సూడనేదురా," అన్నాడు పెంటయ్య. అవే ఆఖరి మాటలు.

ఊరు ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది. కానీ ఏడుస్తున్న ప్రతివాడి మనసులోనూ ఒక మూల, ఇక చేప వస్తుందన్న ఆశ ఉంది. పోలయ్య మనసులోనూ ఉంది. పెంటయ్య దినాలు కాగానే పెద్దవల వేశారు. లాగారు, నాచు. మళ్ళీ లాగారు, నాచు. మూడోసారి లాగారు, నాచే.

తోసేవాడు లేడు. చేపా లేదు. పోలయ్య చేతిలోంచి తాడు జారిపోయింది. ఇసుకలో మోకాళ్ళ మీద పడి, అందరూ వినేలా, "ఉత్తి పున్నేనికి మనిషిని సంపేసినాను," అన్నాడు. కాదనడానికి ఎవరికీ మొహం చెల్లలేదు.

చేప ఎప్పటికో వచ్చింది. ఎందుకు పోయిందో ఎవరికీ తెలియనట్టే, ఎందుకు వచ్చిందో కూడా తెలియలేదు.

ఆ ఒడ్డున ఇప్పటికీ ఒక కట్టడి ఉంది. వల ఖాళీగా వచ్చిన రోజు ఎవరూ ఎవరి మొహంలోకీ అనుమానంగా చూడకూడదు. వలపెద్ద ముందుకొచ్చి, మోకాళ్ళు వంచి, రెండు అరచేతులూ మెల్లగా సముద్రం వైపు చాచి, "ఇయాల తోసింది నాను," అంటాడు. ఆ మాట అయ్యాకే తాళ్ళు చుట్టి, అందరూ కలిసి ఇళ్ళకు పోతారు.