రెల్లుదిబ్బ మైహ్వా

అనగా అనగా, మన తాతల తాతలకి ఇంకా పేర్లు పెట్టని కాలంలో, మంచుకొండలకి అవతల చీనా దేశంలో ఒక ఏరు ఉండేది. పసుపు కలిపినట్టుండేవి దాని నీళ్లు. ఆ ఏటి గట్టు కింద రెల్లుదిబ్బ అని ఒక ఊరు. ఎన్ని ఇళ్లంటారా? నలభై మూడు. అందరూ రెల్లు కోసి చాపలు అల్లేవాళ్లే. పొద్దున్నే బాతులు అరిచేవి, మధ్యాహ్నం కొర్రజావ ఉడికే వాసన వచ్చేది, సాయంత్రం గుమ్మాల్లో కూర్చుని చాపలు అల్లుతూ పాడుకునేవాళ్లు. ఆ ఊళ్లో పధ్నాలుగేళ్ల పిల్ల ఉండేది. పేరు మైహ్వా. వాళ్ల భాషలో గోధుమ పువ్వు అని అర్థం.

ఒక ఏడాది పైన కొండల్లో వానలు పడి ఏరు ఉబ్బింది. అవతలి ఒడ్డున హౌజెన్ అనే మంత్రిగారి పట్టుపురుగుల తోటలున్నాయి. నీళ్లు తన తోటల మీదికి రాకూడదని ఆయన ఏం చేశాడో తెలుసా? మనుషుల్ని పంపి ఇవతలి గట్టు కొట్టించాడు. పట్టపగలు, ఊరంతా అన్నాలకి కూర్చున్న వేళ. మైహ్వా ఒక్కతే అప్పుడు ఎగువన రెల్లు కోస్తోంది. గడ్డపారలు ఎత్తిన వాళ్లని చూసింది. గట్టు మీద గుర్రం ఎక్కి నిలబడ్డ మంత్రిని చూసింది. తర్వాత రెల్లుమోపు పట్టుకుని తేలుతూ, తన ఊరు ఉండాల్సిన చోట నీళ్లని చూసింది.

ఏరు చూసింది, రెల్లు చూసింది, మైహ్వా చూసింది. ఇంకెవరూ చూడలేదు.

మంత్రి చక్రవర్తి దగ్గరికెళ్లి చేతులు కట్టుకుని చెప్పాడు: "గట్టు దానంతటదే తెగింది ప్రభూ. మూడు రోజుల ముందే దండోరా వేయించి ఊరు ఖాళీ చేయించాను. ఒక్క ప్రాణం కూడా పోలేదు." చక్రవర్తి సంతోషించి ఆయనకి పట్టు శాలువా కప్పాడు.

మైహ్వా నడిచింది. ఎక్కడికో తెలియదు, నడిచింది. దారిలో ఒక సత్రంలో తన ఈడు పిల్లే కనిపించింది, జ్వరంతో పడి ఉంది. పేరు సూలాన్. రాచవంటశాలలో పనికి పిలిచారట. మెడలో చెక్కబిళ్ల ఉంది, దాని మీద పేరు, రాజముద్ర. మైహ్వా మూడు రోజులు ఆ పిల్ల తల ఒళ్లో పెట్టుకుని నీళ్లు పట్టింది. మూడో రోజు సూలాన్ అంది: "ఈ బిళ్ల నువ్వు తీసుకో అక్కా. నా కోసం ఎదురుచూసేవాళ్లు ఎవరూ లేరు. నువ్వైనా రోజూ అన్నం తింటావు." ఆ మాటతో కన్నుమూసింది.

మైహ్వా ఆ పిల్లని మట్టిలో పడుకోబెట్టింది. తన పేరు కూడా అక్కడే వదిలేసి, సూలాన్ అయ్యి, రాజనగరానికి వెళ్లింది. అన్నం కోసం కాదు. మంత్రి హౌజెన్ ప్రతి పొద్దున్నా కొలువు ముగిశాక చక్రవర్తితో కలిసి రాచవంటశాల జావే తాగుతాడని సత్రంలో విన్నది. అందుకు.

వెళ్లే దారిలో కొండ మీద ఒక విషపు వేరు తవ్వింది. ఎండబెట్టి, పొడి కొట్టి, బోలు వెదురుపుల్లలో పోసి, ఆ పుల్లని కొప్పులో గుచ్చుకుంది.

మూడేళ్లు గిన్నెలు తోమింది. మూడేళ్లు బియ్యంలో రాళ్లు ఏరింది. మూడేళ్లు పొయ్యి ఊదింది. "సూలాన్!" అని పిలిస్తే ఓ క్షణం ఆలస్యంగా తిరిగేది. పాపం చెవుడేమో అనుకునేవాళ్లు. పదో ఏట జావ కాచే ముసలామె చనిపోయింది. గరిటె మైహ్వా చేతికి వచ్చింది. అమ్మ కాచినట్టే కాచింది: కొర్రలు, అల్లం, గుప్పెడు తామరగింజలు. ఆవిరి మొహానికి తగిలితే చాలు, రెల్లుదిబ్బ అంతా కళ్లముందుకొచ్చేది. ఎవరైనా చూస్తే పొగ అని చెప్పి కళ్లు తుడుచుకునేది.

అయితే ఆ జావకీ మంత్రికీ మధ్య ఒక మనిషి ఉన్నాడు. రుచి చూసేవాడు. రాజుగారి పళ్లెంలోకైనా, ఆయనతో కలిసి తినేవాళ్ల పళ్లెంలోకైనా ఏది వెళ్లినా ముందు అతను ప్రతి గిన్నెలోంచీ ఒక చెంచా తినాలి. ఒక్క చెంచాయే, రెండోది తీసుకుంటే శిక్ష. అతను తిన్నాక వంద అంకెలు లెక్కపెట్టి, మనిషి నిలబడే ఉంటేనే పళ్లెం లోపలికి వెళుతుంది. పేరు వెన్‌బో. సన్నగా, పొడుగ్గా, గడకర్రలా ఉంటాడు.

మైహ్వా తీసుకెళ్లిన వేరు అలాంటిలాంటిది కాదు. పొద్దున తింటే మధ్యాహ్నానికి గానీ పని చెయ్యదు. అంటే వంద లెక్కపెట్టేసరికి వెన్‌బో నిలబడే ఉంటాడు. మంత్రి తాగుతాడు. మధ్యాహ్నానికి ఇద్దరూ ఉండరు. రాజుగారి గిన్నె వేరు కాబట్టి రాజుగారికేం కాదు. 'రుచి చూసేవాడంటే ఏముంది, ఒక చెంచా' అని మనసుకి చెప్పుకుంది మైహ్వా.

మొదటిసారి కొప్పులోంచి పుల్ల తీసింది. అప్పుడే వెన్‌బో వచ్చి వాసన పీల్చాడు. "అల్లం కాస్త ఎక్కువ పడింది. మా అమ్మా ఇంతే వేసేది. బాగుంటుంది" అని నవ్వాడు. మైహ్వా పుల్ల మళ్లీ కొప్పులో పెట్టేసింది. 'ఇవాళ కాదు, ఇంకో రోజు' అనుకుంది.

రెండోసారి పుల్ల మూత కూడా తీసింది. వెన్‌బో గుమ్మంలో నిలబడి మామూలుగా మాట్లాడుతున్నాడు. "మా నాన్నని కోటగోడ పనికి ఈడ్చుకుపోతుంటే, ఆయనకి బదులు నేను ఈ పనికి వచ్చాను సూలాన్. పదిహేనేళ్లు చెయ్యాలి, పన్నెండు నిండుతున్నాయి. ప్రతి ముద్దా ఇదే ఆఖరిదేమో అనుకుంటూ మింగుతాను. నీ జావ దగ్గర మాత్రం ఎందుకో ఆ మాటే గుర్తురాదు."

మైహ్వా మూత పెట్టేసింది.

ఆ తర్వాత రెండేళ్లు గడిచిపోయాయి. ఆ వంద అంకెలు లెక్కపెట్టేంతసేపు ఇద్దరూ మాట్లాడుకునేవాళ్లు. రోజుకి వంద అంకెల కబుర్లు. అతను మెల్లగా లెక్కపెట్టడం నేర్చుకున్నాడు. ఆమె నవ్వడం నేర్చుకుంది. నవ్విన ప్రతిసారీ నీళ్లలో కలిసిన నలభై మూడు ఇళ్లు గుర్తొచ్చి, తప్పు చేసినదానిలా తల దించుకునేది.

ఇంతలో కబురు తెలిసింది. గట్టు తెగి పన్నెండేళ్లు అయ్యింది కదా, ఒక్క ప్రాణం పోకుండా కాపాడినందుకు మంత్రి హౌజెన్‌కి 'ఏటి రక్షకుడు' అని బిరుదు ఇస్తారట. రేపే పండగ.

మర్నాడు పొద్దున్న వెన్‌బో రాగానే మైహ్వా ఎదురెళ్లింది. "ఇవాళ మీరు రాకండి. ఒంట్లో బాగాలేదని చెప్పండి. మీకు దణ్ణం పెడతాను."

వెన్‌బో ఆమె మొహం చూశాడు, చేతిలో పుల్ల చూశాడు. అతనికి అర్థమైంది. కేకలు పెట్టలేదు. "నేను రాకపోతే ఇంకొకణ్ణి పంపుతారు. వాడికీ అమ్మ ఉంటుంది కదా" అన్నాడు. "ఎవరికోసం ఇది?" అని అడిగాడు.

పన్నెండేళ్లుగా నోరు దాటని మాటలన్నీ అప్పుడు బయటికొచ్చాయి. ఊరి పేరు చెప్పింది, గడ్డపారల సంగతి చెప్పింది, చివరికి తన పేరు చెప్పింది.

"మైహ్వా" అన్నాడు అతను.

తన పేరు మరో మనిషి నోటివెంట విని ఎన్నేళ్లయిందో! ఆమె పొయ్యి పక్కన కూలబడి ఏడ్చింది. అతను పక్కనే కూర్చున్నాడు. ఏడుపు తగ్గాక అన్నాడు: "మైహ్వా, ఇవాళ ఆయన చచ్చిపోయాడే అనుకో. ఏం జరుగుతుంది? మంచి మంత్రి పోయాడని దేశమంతా తెల్లబట్టలు కడుతుంది. ఆయనకి గుడి కడతారు. మీ ఊరి సంగతి చెప్పడానికి ఎవరుంటారు?"

నిజమే. ఏరు చెప్పదు, రెల్లు చెప్పదు. చెప్పాల్సింది మైహ్వాయే.

ఆమె లేచి వెదురుపుల్లని పొయ్యిలో పడేసింది. జావ గిన్నెల్లో పోసింది. వెన్‌బో చెంచా నోట్లో పెట్టుకుని, ఆ రోజు మాత్రం గబగబా లెక్కపెట్టాడు.

కొలువు నిండుగా ఉంది. చక్రవర్తి, ఆయన పక్కన రాజమాత, ఎదురుగా కొత్త శాలువాలో మంత్రి. రాజమాత జావ తాగి, "ఇంత కమ్మగా కాచింది ఎవరు? ఒకసారి రమ్మనండి" అంది. మైహ్వా వచ్చి మోకాళ్లమీద కూర్చుంది.

"నీ పేరేమిటమ్మా?"

చెక్కబిళ్ల మీద సూలాన్ అని ఉంది. దొంగపేరుతో కోటలోకి వచ్చినవాళ్లకి మరణశిక్ష. ఆ సంగతి మైహ్వాకి తెలుసు, కొలువులో ప్రతివాళ్లకీ తెలుసు.

"మైహ్వా అమ్మగారూ. మాది రెల్లుదిబ్బ. ఈ మంత్రిగారు మా గట్టు కొట్టించి, అన్నాలు తింటున్న నలభై మూడు ఇళ్లవాళ్లని నీళ్లలో కలిపేశారు. నేను కళ్లారా చూశాను."

కొలువంతా గగ్గోలైంది. మంత్రి మొహం జేవురించింది. లేచి నిలబడి వేలు చూపిస్తూ అరిచాడు: "అబద్ధం! ఇది రెల్లుదిబ్బ మనిషి కాదు! ఎలా అవుతుంది? ఆ ఊళ్లో ఒక్కరు కూడా మిగల్లేదు!"

అనేశాడు. అన్నాక గానీ తను ఏమన్నాడో ఆయనకి వినపడలేదు.

చక్రవర్తి మెల్లగా అడిగాడు: "ఒక్క ప్రాణం కూడా పోలేదని కదా పన్నెండేళ్లుగా చెబుతున్నావు?"

మంత్రి శాలువా అంచు రెండు చేతులా పట్టుకున్నాడు.

ఆయన శాలువా అక్కడే తీయించారు. తెగిన గట్టు మళ్లీ కట్టాలనీ, ఆ పనిలో హౌజెన్ బతికున్నంతకాలం మట్టితట్ట మోయాలనీ తీర్పు ఇచ్చారు. ఇక దొంగపేరు సంగతి మిగిలింది. చట్టం చదివే అధికారి గొంతు సవరించుకున్నాడు. రాజమాత చెయ్యెత్తి ఆపింది.

"కోటలోకి వచ్చింది సూలాన్. ఆ పిల్ల ఎక్కడుంది?"

"దారిలో చనిపోయిందమ్మా. నేనే మట్టి చేశాను."

"చనిపోయినవాళ్లకి శిక్ష ఉండదు. మైహ్వా అనే మనిషి ఏ గుమ్మంలోనూ తన పేరు రాయించలేదు, కాబట్టి ఆమె ఇక్కడికి రానేలేదు. రాని మనిషి ఈ క్షణమే వెళ్లిపోవాలి. మళ్లీ ఈ గుమ్మం తొక్కకూడదు."

ప్రాణం దక్కింది. కానీ వెన్‌బో గడువు ఇంకా ఏడాది ఉంది. మాట్లాడుకోవడానికి లేదు, ఆగడానికి లేదు. మైహ్వా తలుపు దాకా వెళ్లి వెనక్కి చూసింది. వెన్‌బో గోడ పక్కన మిగిలిన జావగిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాడు. అందరూ చూస్తుండగానే గిన్నె ఎత్తి, అడుగు కనిపించేదాకా తాగాడు. దానికి శిక్షగా అతని గడువు ఇంకో రెండేళ్లు పెంచారు.

రెల్లుదిబ్బలో అప్పటికి రెల్లు తప్ప ఏమీ లేదు. గట్టు పనికి వచ్చినవాళ్లకి మైహ్వా జావ కాచింది. మొదటి రోజు వరుసలో హౌజెన్ గిన్నె చాపితే, గరిటె పక్కవాడి గిన్నెలోకి తిప్పేసింది. రెండో రోజూ అంతే. మూడో రోజు ఆయన గిన్నె చాపకుండా తల దించుకుని నిలబడ్డాడు, భుజాలు మట్టితట్ట రాసుకుని పుండ్లు పడ్డాయి. మైహ్వా చాలాసేపు చూసింది. గిన్నె లాక్కుని నింపింది.

"క్షమించేశావా?" అని పనికొచ్చిన ఆడవాళ్లు అడిగారు.

"లేదు. మట్టి మోసేవాడికి ఆకలేస్తుంది" అంది.

మూడేళ్లకి ఒక మధ్యాహ్నం, సన్నగా పొడుగ్గా ఉన్న మనిషి గట్టు మీద నడుచుకుంటూ వచ్చాడు. మైహ్వా పొయ్యి దగ్గర్నుంచి లేచి నిలబడింది. అతను దగ్గరికొచ్చి ఆమె పేరు పెట్టి పిలిచాడు. ఈసారి ఒక్క క్షణం కూడా ఆలస్యం చెయ్యకుండా పలికింది.

ఇద్దరూ అక్కడే గుడిసె వేసుకున్నారు. గట్టు పూర్తయిన రోజు, మట్టి ఇంకా తడిగా ఉండగానే, మైహ్వా చెప్పులు విడిచి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. అడుగు వేసి మట్టి తొక్కుతూ, అడుగుకో పేరు పిలిచింది. ముందు సూలాన్ పేరు. తర్వాత నలభై మూడు ఇళ్లవాళ్ల పేర్లూ, చంటిపిల్లలతో సహా. వెన్‌బో వెనకే నడుస్తూ ప్రతి పేరుకీ "ఓయ్" అని పలికాడు, వాళ్ల తరఫున. కూలివాళ్లు పనిముట్లు కింద పెట్టి తామూ నడిచారు, తమ ఇళ్లలో పోయినవాళ్లని పిలుచుకుంటూ.

మైహ్వా ముసలిదై కన్నుమూసింది. వెన్‌బో ఆమె వెనకే పోయాడు. చక్రవర్తి పేరేమిటో ఇవాళ ఆ పక్క ఎవరికీ తెలియదు. కానీ ఏటా వానలకి ముందు, ఆ ఏటి ఒడ్డున జనం చెప్పులు విడిచి గట్టు తొక్కుతారు. గట్టు గట్టిపడాలని తొక్కుతారు, పోయినవాళ్లు గుర్తుండాలని పిలుస్తారు. ఒకరు పిలిస్తే వెనక నడిచేవాళ్లు "ఓయ్" అంటారు. పిలుచుకోవడానికి తమవాళ్లంటూ ఎవరూ లేనివాళ్లు కూడా వస్తారు, దారిన పోయేవాళ్లు, ఊరు లేనివాళ్లు. వాళ్లు ఊరికే నడవరు. వాళ్లందరూ మైహ్వా పేరు పిలుస్తారు. అప్పుడు మాత్రం వెనకవాళ్లే కాదు, గట్టు మీదున్న ప్రతి మనిషీ "ఓయ్" అంటాడు.