నగారా గదిలో పాఠం

గుట్ట మీది దర్గాను ఆనుకుని ఒక చిన్న బడి ఉండేది. దానికి పంతులు దస్తగీరు. దర్గా పెద్ద ఖాదర్ షా దగ్గర చిన్నప్పటి నుంచీ శిష్యరికం చేసినవాడు. మంచివాడే, కానీ ఆ ఏడు మనిషి బాగా నలిగిపోయాడు.

ఆ బడిలో చదువంటే గొంతు. ఒకడు ఎక్కాలు, ఒకడు గుణింతాలు, ఇంకొకతె ఉర్దూ అక్షరాలు అలిఫ్ బే. ఎవరి పాఠం వాళ్ళు, అందరూ ఒకేసారి, ముందుకీ వెనక్కీ ఊగుతూ అరిచి చదవాలి. ఆ గోల గుట్ట కింద బజారు దాకా వినపడితే, "ఆహా, చదువంటే అదీ!" అనుకునేవారు జనం. గొంతు కాస్త తగ్గిందా, పంతులు కునుకు తీస్తున్నాడని చెప్పుకునేవారు. అదేం లోకమో మరి!

ఆ గోల మధ్య షంషాద్ అనే పిల్ల మాత్రం నోరు విప్పేది కాదు. రెండు చెవులూ మూసుకుని గోడవైపు తిరిగి కూర్చునేది. దస్తగీరు ఆ చేతులు లాగేస్తే కెవ్వుమని అరిచి మూలకు పోయి ముడుచుకునేది. బుజ్జగించాడు, బెదిరించాడు. "చేతులు తియ్యి. నా ముఖం చూసి చెప్పు." రోజూ ఇదే పాట. ఆ పిల్ల తీసేదీ లేదు, ఇతను మానేదీ లేదు.

వాళ్ళమ్మ మాబున్నీ బొరుగుల బట్టీలో పనిచేసేది. అప్పటికే రెండు బళ్ళవాళ్ళు "మావల్ల కాదమ్మా" అని పిల్లను తిప్పి పంపేశారు. ఒక గురువారం పొద్దున దస్తగీరు కూడా ఆ మాటే అనేశాడు. "సాయంత్రం వచ్చి తీసుకుపో అమ్మా. ఇక బడికి పంపొద్దు."

మాబున్నీ గొడవ పడలేదు. "ఇంగ యాడికి తీసకపోదును మౌల్సాబూ? బట్టీ కాడ కూసోబెడితే నిప్పుల్లో పడతాది," అంది. కొంగుతో ముఖం తుడుచుకుని పనికి పోయింది.

ఆ మాట దస్తగీరును రోజంతా పీకింది. బడి వదిలాక కాళ్ళీడ్చుకుంటూ గురువు దగ్గరికి వెళ్ళాడు. ఖాదర్ షా అరుగు మీద గంధం అరగదీస్తున్నాడు.

"హజ్రత్, నా ప్రాణం విసిగిపోయింది. రాత్రిళ్ళు నిద్ర కూడా లేదు. ఆ పిల్లకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది. ఉత్త మొండిది. పంపించేయడానికి మీరు సరేనంటే..."

ముసలాయన మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచాడు. "ఇక్కడ కాదు నాయనా. రా, అక్కడ కూర్చుని చెప్పు."

అక్కడ అంటే నగారా గది. గురువారం సందెవేళ ఆ గదిలో గంగాళాలంత నగారాలు మోగిస్తారు. గుట్ట ఎక్కే భక్తులకు అది పిలుపు. కింద ఊళ్ళోంచి వింటే హాయిగానే ఉంటుంది. గది లోపల మాత్రం కొట్టేవాళ్ళు తప్ప ఎవరూ ఉండరు.

ఇద్దరూ కూర్చున్నారో లేదో దెబ్బ పడింది. గోడలు అదిరాయి. ఊఁ, చెప్పు అన్నట్టు ఖాదర్ షా తల ఊపాడు.

"ఆ పిల్ల..." అని దస్తగీరు గొంతు చించుకున్నాడు. ఆ తర్వాత ఏమనాలో తోచలేదు. మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ ఆగాడు. దెబ్బ దెబ్బకూ మాట జారిపోతోంది. చిగుళ్ళు జివ్వుమంటున్నాయి. కాసేపు ఓర్చుకున్నాడు. చివరికి రెండు చెవులూ మూసుకుని గోడవైపు తిరిగిపోయాడు.

ముసలాయన వంగి, శిష్యుడి చేతులు లాగేసి, చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు.

"చేతులు తియ్యి. నా ముఖం చూసి చెప్పు."

దస్తగీరుకు ఎక్కడలేని కోపం వచ్చింది. గురువు చేతుల్ని విసిరికొట్టాడు. జన్మలో అలాంటి పని చేసి ఎరగడు. విసిరికొట్టాక తన చేతులకేసి చూసుకుని అక్కడే కూలబడ్డాడు.

నగారా ఆగింది.

"ఏదో పిల్ల సంగతి చెప్పబోయావు," అన్నాడు ఖాదర్ షా.

దస్తగీరు కళ్ళు తుడుచుకుని లేచి, బడి వైపు నడిచాడు.

మాబున్నీ అప్పటికే వచ్చి, పిల్ల సంచీ భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"రేపు జుమ్మా, సెలవు. శనివారం తీసుకురా అమ్మా."

"మళ్ళా పంపీయరు గదా?"

"పంపనమ్మా."

మరుసటి గురువారం దస్తగీరు గురువు అరుగు దగ్గర కూర్చున్నాడు. ముఖం ఇంకా పీక్కుపోయే ఉంది.

"బజారంతా నన్ను ఆడిపోసుకుంటోంది హజ్రత్. పిల్లల్ని లోలోపల చదువుకోమన్నాను. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి కూర్చుని వింటున్నాను. నడుం విరిగిపోతోంది. బడికి నోరు పడిపోయిందంట, నేను కూర్చుని తింటున్నానంట. ఇద్దరు తమ పిల్లల్ని మాన్పించేశారు కూడా. ఇంత చేసినా ఆ షంషాద్ నావైపు చూడదు. పాఠం గోడకే చెబుతుంది."

ఖాదర్ షా గంధం అరగదీయడం ఆపాడు.

"చేతులెక్కడ పెట్టుకుంటోంది?"

"ఒళ్ళో."

ముసలాయన అరుగు మీద కాస్త పక్కకు జరిగి చోటిచ్చాడు.

"పడుకో నాయనా. నగారా మోగేలోపు ఒక కునుకు తియ్యి."