రాహేలమ్మ కేక

ఎప్పటి మాటో, ఏ ఏడో అడక్కండి. గాజుపెట్టెలో కిటికీలు తెరుచుకునే కంప్యూటర్లు ఊళ్లలోకి కొత్తగా దిగిన కాలం అది. గోదావరి ఒడ్డున ఒక పట్నం. ఆ పట్నంలో అచ్చుకొట్ల వీధి. ఆ వీధిలో రాహేలు అనే ఆవిడ పని చేసేది.

రాహేలు మొదట ప్రెస్సులో సీసం అక్షరాలు ఏరి పేర్చేది. ప్రెస్సు మూతపడితే కంప్యూటర్ కొట్లో టైపు పనికి కుదిరింది. మౌసు పట్టుకోవాలంటే మొదట్లో వేళ్లు తిరిగేవి కావు. అయినా నేర్చుకుంది. మొగుడు పోయిన మనిషి, ఇద్దరు పిల్లల్ని ఆ వేళ్ల మీదే సాకింది.

ఆ కంప్యూటర్లు చూడ్డానికి ముచ్చటైనవే గాని మహా మొండివి. బాగా నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి బిగుసుకుపోయేవి. అక్షరం కదలదు, బాణం కదలదు, తెర మీద ఇసుక గడియారం బొమ్మ ఒక్కటే నిలబడి మన మొహం చూస్తుంది. వీధిలో ప్రతి కొట్లోనూ ఇదే గోల. కానీ ఒక్కరూ పైకి చెప్పేవారు కాదు. చెబితే గిరాకీ పక్క కొట్టుకు పోతుందని భయం. ఏ తిప్పలో పడి ఒకరికి బయటపడే దారి దొరికినా, దాన్నీ గుట్టుగా దాచుకునేవారు.

"మన మిషన్ బాగాలేదని బయట ఒక్క ముక్క అన్నావో, ఇక నీకిక్కడ పని లేదు" అని రాహేలు యజమాని ముందే చెప్పేశాడు.

ఒకసారి శుభలేఖ కొడుతుంటే మిషన్ బిగుసుకుంది. అక్షరం కదల్లేదు, బాణం కదల్లేదు. చేసిందంతా పోయింది. రాహేలు మొదటి నుంచీ మళ్లీ కొట్టింది. ఎవరికీ చెప్పలేదు.

ఇంకోసారి బడిపిల్లల పరీక్ష పేపరు కొడుతుంటే బిగుసుకుంది. అక్షరం కదల్లేదు, బాణం కదల్లేదు. రాహేలు కళ్లు తుడుచుకుని మళ్లీ కొట్టింది. ఎవరికీ చెప్పలేదు.

ఆ తరవాత పుష్కరాలొచ్చాయి. ఊరు పట్టనంత జనం. ఆఖరి రోజు మధ్యాహ్నం, తడిచీరతో ఒకామె పరుగెత్తుకుంటూ కొట్లోకి వచ్చింది. పేరు సోములమ్మ, కొండల వైపు నుంచి వచ్చింది.

"అమ్మా, నా పిల్ల రేవులో తప్పిపోయిందమ్మా! దానికి మాట రాదు, పిలిస్తే వినపడదు. మైకులో అరుస్తున్నారు గాని దానికేం తెలుస్తుందమ్మా?" అంటూ ఒక ఫొటో చేతిలో పెట్టింది. నిన్ననే సంతలో తీయించిన ఫొటో. రెండు జడలు, పూలగౌను. "ఈ బొమ్మేసి కాయితాలు కొట్టమ్మా. సాయంత్రం రైళ్లకి జనమంతా ఎళ్లిపోతారు. ఎవరితో ఎక్కేస్తదో ఏటో!"

రాహేలు ఫొటోను కంప్యూటర్లోకి ఎక్కించింది. కింద అక్షరాలు మొదలుపెట్టిందో లేదో, మిషన్ బిగుసుకుంది. ఆపి మళ్లీ పెట్టింది. మళ్లీ బిగుసుకుంది. ఇంకోసారి పెట్టింది. అక్షరం కదల్లేదు, బాణం కదల్లేదు. సోములమ్మ తెర మీద పిల్ల మొహం వంక చూస్తూ నిలబడిపోయింది.

రాహేలు కుర్చీలోంచి లేచింది. యజమాని లోపల గదిలోనే ఉన్నాడు. ఇంట్లో ఇద్దరు పిల్లలు గుర్తొచ్చారు. అయినా గడప దాటి నడివీధిలోకి వచ్చి నిలబడింది.

"నా మిషన్ బిగుసుకుందండోయ్!" అని కేకేసింది.

కొట్లలో తలలు ఒకసారి పైకి లేచి, మళ్లీ పనిలోకి వంగాయి.

"నా మిషన్ బిగుసుకుందండోయ్! నాకు చేతకావట్లేదు!"

ఎవరో కిసుక్కున నవ్వారు.  అయినా రాహేలు మూడోసారి అరిచింది.

"నా మిషన్ బిగుసుకుందండోయ్! ఒక తల్లి బిడ్డను పోగొట్టుకుని నిలబడింది. మీకు తెలిసింది చెప్పండి బాబూ, మీకు దణ్ణం పెడతాను!"

ఎదురు కొట్టు సత్తిరాజుగారు బయటికొచ్చాడు. ఆయన కొట్లో గిరాకీ కూర్చునే ఉంది. వాళ్ల ముందే, "మాదీ బిగుసుకుంటుందమ్మా" అన్నాడు. "ఫొటో ముందు తెరవకు. తెలుగు అక్షరాలు కొట్టేశాకే ఫొటో పెట్టు."

పక్క కొట్టు గఫూర్ భాయ్ వచ్చాడు. "రంగులు తీసెయ్యమ్మా. నలుపూ తెలుపూ చేసి, చిన్నది చెయ్. అంత పెద్ద బొమ్మని అది మింగలేదు."

మూలకొట్టు మంగతాయారుగారు కొంగు బిగించుకుంటూ వచ్చింది. "అచ్చుకి పంపేముందు మిషన్ ఆపి మళ్లీ పెట్టు రాహేలూ. మిగతావేవీ తెరవకు, ఆ ఒక్క కాయితమే తెరువు."

ఒకరిది సగం, ఒకరిది పావు, ఒకరిది పావు. ముగ్గురివీ కలిపితే దారి కుదిరింది. అచ్చుమిషన్ గరగరమంది. పిల్ల మొహం కాయితం మీద మెల్లగా దిగింది. వీధి వీధంతా కాయితాలు పట్టుకుని పరుగెత్తింది, రేవుకి కొందరు, బస్సులకి కొందరు, స్టేషన్‌కి కొందరు.

స్టేషన్లో ఒక గాజులమ్మే ముసలామె, ఎవరి పిల్లో తెలియక, ఒంటరిగా వదల్లేక, ఆ పిల్లని తనతో రైలెక్కించుకుని కూర్చుంది. ప్లాట్‌ఫారం మీద ఎవరో ఎత్తి చూపిస్తున్న ఆ కాయితం కిటికీలోంచి చూసింది. ఒళ్లో పిల్లని చూసింది. రైలు కదలకముందే దిగిపోయింది. సోములమ్మ పిల్లను గుండెకి అదుముకుని ఏడ్చిన ఏడుపు ఆ ప్లాట్‌ఫారం మీద ఉన్నవాళ్లెవరూ మరిచిపోలేదంటారు.

మర్నాడు రాహేలు భయపడుతూనే పనికొచ్చింది. యజమాని ఆమెను పనిలోంచి తీసెయ్యలేదు. కాసేపు అటూ ఇటూ తిరిగి, తనే గడప దాటి, "గఫూర్ భాయ్, మాకు గుణింతాలు చెదిరిపోతున్నాయి. మీకూ అంతేనా?" అని అడిగాడు.

ఆ రోజు నుంచి వీధిలో గుట్టు పోయింది. ఎక్కడ బిగుసుకుందో, ఎలా విడిపించారో పొద్దున్నే ఒకరికొకరు చెప్పుకునేవారు. పక్క ఊళ్లవాళ్లు కూడా బస్సెక్కి అడగడానికి వచ్చేవారు. రాహేలుకి తెలిస్తే చెప్పేది. తెలియకపోతే తనే లేచి, తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లేది. రాహేలు కాస్తా అందరికీ రాహేలమ్మ అయింది.

పిల్లలు ప్రయోజకులయ్యాక, ఒక వానాకాలంలో రాహేలమ్మ కన్నుమూసింది. ఆ రోజు వీధిలో ఒక్క కొట్టూ తియ్యలేదు. శవపెట్టెను ముందు సత్తిరాజుగారు భుజానికెత్తుకున్నాడు.

ఆ కంప్యూటర్లూ పోయాయి, కొత్తవొచ్చాయి, వాటికి కొత్త రోగాలొచ్చాయి. ఈనాటికీ ఆ వీధిలో ఎవరికైనా పని చిక్కుబడితే లోపల కూర్చుని కుమిలిపోరు. గడప దాటి వచ్చి, "నాది బిగుసుకుందండోయ్!" అని కేకేస్తారు. ఎవరూ నవ్వరు. కేకేసింది గెడ్డం నెరిసిన మగాడైనా సరే, నిన్నకాక మొన్న పనిలో చేరిన కుర్రదైనా సరే, అన్ని కొట్లలోంచీ ఒకటే జవాబు వినిపిస్తుంది:

"వస్తున్నాం, రాహేలమ్మా!"