బంగారు రథంలో పిచ్చుక

కంచుకోట రాజుగారు ఏడాదికి ఒక్కరోజు తన రథశాల, గుర్రపుశాల తలుపులు జనానికి తెరిపించేవారు. ఆ రోజు కోసం ఎడ్లబండి తోలే ఓబులేసు ఏడాదంతా కాచుకుని కూర్చున్నాడు. లోపల అడుగుపెట్టాడో లేదో, వాడి కాళ్లు నేలమీద నిలవలేదు. "అబ్బబ్బా, ఆ గుర్రాల నిగనిగ చూడండ్రా! ఈ చక్రం చూడండ్రా, నా అంత ఎత్తుంది!" అంటూ ఆనందం పట్టలేక బంగారు రథం చక్రాన్ని నిమిరేశాడు.

"ముట్టుకుంటే ఇరవై కొరడా దెబ్బలని తెలీదురా?" అంటూ రథశాల అధికారి త్రిపురాంతకుడు వాడి మెడ పట్టుకున్నాడు. అప్పుడే రాజుగారు అటు వచ్చారు. అధికారి మీసం దువ్వుకుని, "ప్రభూ, ఈ రథాన్ని రోజూ దగ్గరుండి తుడిపించి, కోట చుట్టూ మూడు చుట్లు తోలిస్తున్నాను. అలాంటిదానికి వీడు మరక చేశాడు!" అన్నాడు.

ఓబులేసు చేతులు కట్టుకుని, "దెబ్బలు తింటాను మారాజా. ముందు ఆ పిచ్చుకకు బహుమానం ఇప్పించండి" అన్నాడు.

"ఏ పిచ్చుక?"

"ఇదిగో, ఈ చక్రంలో గూడు కట్టిన పిచ్చుక. రోజూ మూడు చుట్లు గిరగిరా తిరుగుతూనే గుడ్లు పెట్టి, పొదిగి, నాలుగు పిల్లల్ని లేపింది. ఒక్క గుడ్డు కూడా జారిపడలేదు మారాజా!"

చక్రంలోంచి కిచకిచలు వినబడ్డాయి. రాజుగారు వంగి చూసి పగలబడి నవ్వారు.

"పిల్లలు ఎగిరేదాకా రథం కదలకూడదు. ఎగిరాక ఓబులేసు తోలతాడు, రోజూ మూడు చుట్లు. త్రిపురాంతకా, చుట్లు తగ్గకుండా చూడ్డానికి నువ్వు వెనకాల పరిగెత్తు!"