రాజమాత గది

చూపు మసకబారిన తల్లి కోసం వీరకేతు మహారాజు ఒక గది కట్టించదలిచాడు. ఆమె కోరికలు అడగడానికి ఒకరిని, పని చేయించడానికి మరొకరిని మంత్రి నియమించాడు. గది రెండుసార్లు లేచింది. రెండుసార్లూ ఆవిడకు నచ్చక పడగొట్టారు.

మూడోసారి పని తాపీమేస్త్రి సూరమ్మకు అప్పగించారు. గోడ మోకాలెత్తు లేవగానే ఆమె రాజమాతను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, గోడ తడిమి చూడమంది. కిటికీ ఎటు కావాలో అడిగి అటే పెట్టించసాగింది.

మంత్రి అది తెలుసుకుని రాజును వెంటబెట్టుకొచ్చి సూరమ్మ మీద మండిపడ్డాడు. "కట్టించడమే నీ పని! అడగడానికి నువ్వెవరు? ఒక్క మనిషికి రెండు పదవులా? రేపటినుంచి రావద్దు!"

సూరమ్మ రాజువైపు తిరిగి చేతులు జోడించింది. "చిన్నప్పుడు తమరికి జ్వరమొస్తే, ఎక్కడ నొప్పి అని ఒకరు అడిగి, మందు ఇంకొకరు పట్టేవారా ప్రభూ?"

రాజు అక్కడే ఉన్న తల్లివైపు చూశాడు.

"రెండూ నేనే," అని రాజమాత నవ్వింది. "వీడు చేదని ఉమ్మేస్తే తేనె కలిపి మళ్లీ పట్టేదాన్ని."

మంత్రి తల దించుకున్నాడు. రాజు తల్లి చెయ్యి అందుకున్నాడు. "ఇంకేం కావాలమ్మా?" అని మొదటిసారి తనే అడిగాడు.

"నువ్వొచ్చి కూర్చోడానికి కిటికీ పక్కన చిన్న అరుగు, నాయనా."

ఆ అరుగుకు మొదటి ఇటుక రాజే మోసుకొచ్చాడు.