మొవ్వ ఊడిందేమోనని

నూకరత్నం దిగులంతా ఒక్కటే. తాటిమొక్క బతికుందా, లేదా.

చూడ్డానికి బతికున్నట్టే ఉంది. ఆకులు పచ్చగానే ఉన్నాయి. కానీ చలికి చచ్చిపోయిన తాటి ఆ సంగతి వెంటనే బయటపెట్టదు. లోపల మొవ్వ కుళ్లిపోయినా పై ఆకులు వారాల తరబడి ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంటాయి. మొవ్వ అంటే నడిమధ్య నుంచి మడిచిన గొడుగులా పైకొచ్చే లేత ఆకు. మామిడికి ఒక కొమ్మ పోతే ఇంకో కొమ్మ వేస్తుంది. తాటికి ఉన్నది ఆ ఒక్క మొవ్వే. అది పోతే ఇక చెట్టు లేదు.

నర్సీపట్నంలో మొక్కలమ్మే ఒకాయన ఆమెకు ఒక పరీక్ష చెప్పాడు. మొవ్వాకును రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా పైకి లాగి చూడమన్నాడు. గట్టిగా ఉంటే బతికున్నట్టు. చేతిలోకి ఊడొస్తే, అంతే సంగతులు.

ఆ పరీక్ష తెలిసిన దగ్గర్నుంచి రత్నానికి స్థిమితం లేదు.

ఆమె ఉండే ఆశ్రమం మకాం కొండమీద ఉంది. పుష్యమాసంలో అక్కడ గడ్డి మీద మంచు ఉప్పు చల్లినట్టు తెల్లగా పేరుకుంటుంది. ఒక పాక, ఒక వంటచావిడి, వెనకాల నల్లటి రాతిబండ, ఆ బండకు దక్షిణంగా మోకాలెత్తు తాటిమొక్క. అంతే మకాం.

ఆమె గురువు భద్రమ్మగారు. ఆ పరంపర వాళ్లంతా మొదట్నుంచీ సముద్రపు ఒడ్డు మనుషులు. ఎక్కడ కొత్తగా మకాం పెట్టినా ముందు ఒక తాటిటెంక పాతడం వాళ్ల ఆచారం. అది మొలిచి, నిలిచి, సన్నటి తొలి ఆకుల తర్వాత విసనకర్రలాంటి ఆకు విప్పితేనే అక్కడ గోడలు లేపుతారు. లేకపోతే ఆ చోటు వదిలేసి వచ్చేస్తారు. ఎవరినీ తప్పుపట్టరు. వచ్చేస్తారంతే.

ఒడ్డున ఇసకలో ఇదేమంత కష్టం కాదు. టెంకను పాతి మరిచిపోయినా మొలుస్తుంది. అనంతపురం వైపు మకాంలో కొంచెం అవస్థపడ్డారు. మొక్క పక్కన కుండ పాతి, దాని అడుగున చిల్లిలో గుడ్డ ఒత్తి దూర్చి, రెండు వేసవులు చుక్కచుక్కగా నీళ్లు తాగించారు. అదీ నిలబడింది. కొండమీదే కుదరలేదు. రెండుసార్లు మొలిచింది, రెండుసార్లూ చలికి పోయింది. ఆ మొక్కలతో పాటు వాటిని చూసుకోవడానికి వచ్చిన శిష్యులూ కిందికి దిగిపోయారు.

మూడో టెంక రత్నం పాతింది.

ఆమెకు ఎవరూ ఏమీ నేర్పలేదు. అడిగి కొంత, చదివి కొంత, పాడుచేసి కొంత తనే తెలుసుకుంది. పల్లంలో కాకుండా నీళ్లు జారిపోయే వాలులో పాతింది. పగలంతా ఎండకు కాగిన బండ రాత్రి మెల్లగా వేడి వదులుతుందని దాని పక్కనే చోటు చూసింది. చలికాలం సాయంత్రాల్లో ఆకుల్ని పైకెత్తి కొబ్బరితాడుతో వదులుగా కట్టి, ఎండుగడ్డి చుట్టేది. పొద్దున ఎండ రాగానే విప్పేసేది, లోపల చెమ్మ నిలిస్తే చలి కంటే అదే ముందు చంపుతుందని.

గూడెం నుంచి వచ్చి వంటలో సాయం చేసే చిలకమ్మకు ఈ తతంగమంతా వింతగా ఉండేది. చలికి పళ్లు కొట్టుకుంటుంటే విసనకర్ర కోసం ఏడవడమేటని నవ్వేది. ఆకు విచ్చుకున్నాక దాంతో పొయ్యి విసురుకుందాంలే అని ఓదార్చేది.

రత్నం నవ్వలేకపోయేది. ఆమె దేన్నీ చివరిదాకా చేసిన మనిషి కాదు. చదువు మధ్యలో ఆపింది. కుట్టుపని నేర్చుకుంటూ ఆపింది. ఒకచోట ఉద్యోగంలో చేరి, ఎవరితోనూ చెప్పకుండా వచ్చేసింది. ఆశ్రమానికి వెళ్తానంటే ఇంట్లో వాళ్ల అక్క, అక్కడ్నుంచి ఎప్పుడొస్తావో కూడా చెప్పి వెళ్లు అంది. ఈ కొండ ఒక్కటే ఆమె వదల్లేదు. ఇక్కడే ఆమెకు కాలు నిలిచింది. సాయంత్రం పూట గూడెం ఆడవాళ్లు నలుగురైదుగురు వచ్చి పాకలో కూర్చుని పాటలు పాడి వెళ్తారు. తను లేకపోయినా వాళ్లు పాడుకుంటారని రత్నానికి తెలుసు. వాళ్లు లేకపోతే తనేం చేస్తుందో మాత్రం తెలీదు.

కార్తీకం చివర భద్రమ్మగారు ఫోన్ చేసి, పుష్యంలో వస్తానని చెప్పారు. మొక్క నిలబడితే ఉందువు, లేకపోతే సామాన్లు సర్దుకో, నాతోపాటే దిగిపోదువుగాని అన్నారు. కోపంగా కాదు. రేపు వాన పడొచ్చు అన్నంత మామూలుగా.

ఆ రోజు నుంచి రత్నం పొద్దున గడ్డి విప్పగానే మొవ్వను పట్టుకుని లాగి చూసుకునేది. మెల్లగానే. గట్టిగానే ఉండేది. గుండె కుదుటపడేది. మొదట్లో ఆ ధైర్యం మర్నాటి దాకా నిలిచేది. తర్వాత సాయంత్రం దాకా. తర్వాత మధ్యాహ్నానికే చేతులు దురదపెట్టడం మొదలైంది. కూర తరుగుతూ లేచి వెళ్లేది. పాటల మధ్యలో లేచి వెళ్లేది. జపానికి కూర్చుంటే, మనసు కుదిరిందా అని లోపలికి తొంగిచూసుకునేది. కుదిరినట్టే ఉందనిపించగానే కళ్లు తెరిచి మొక్క దగ్గరికి నడిచేది.

భద్రమ్మగారు జీపు దిగేసరికి ఎండ ఇంకా ఉంది. డెబ్భై దాటిన మనిషి, ముతక శాలువా, చేతిలో చిన్న సంచి. కాళ్లకు దణ్ణం పెట్టిన రత్నాన్ని లేపి, చిక్కిపోయావేమే అన్నారు. నేరుగా మొక్క దగ్గరికే వెళ్లి ముందుకు వంగి చూశారు.

మొవ్వాకు మీద లేత ఆకులకుండే తెల్లటి నూగు ఉంది, ఒక్కచోట తప్ప. వేళ్లు పట్టేంత మేర నూగంతా పోయి, ఆకు నున్నగా అరిగి, గోధుమరంగు చార పడింది.

భద్రమ్మగారు ఆ చారను చూశారు. రత్నం కుడిచేతిని చూశారు. బండ బాగా చూసుకున్నావు, మంచి చోటు అని చెప్పి లోపలికి వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున ఇద్దరూ జపానికి కూర్చున్నారు. రత్నం కళ్లు మూసుకుని కాసేపయిందో లేదో, వెనక నుంచి ఎవరో జడ పట్టుకుని పైకి లాగారు. మెల్లగానే. ఉలిక్కిపడి తిరిగితే భద్రమ్మగారు. వెళ్లి తన చోట్లో కూర్చుని కళ్లు మూసుకున్నారు.

వెన్ను వంగిందేమో అనుకుని రత్నం నిటారుగా సర్దుకుంది. కాసేపటికి మళ్లీ జడ లాగారు. ఈసారి తల వాలిందేమో అనుకుంది. మూడోసారికి ఇక ఏమనుకోవాలో తెలియలేదు. కళ్లు మూసుకున్నా ధ్యాసంతా నెత్తిమీదే. ఆ చెయ్యి ఎప్పుడొస్తుందా అని.

గంజి తాగుతుంటే లాగారు. ఊటకు నీళ్లకు వెళ్తుంటే వెనకాలే నడిచొచ్చి లాగారు. బిందె తొణికి రత్నం చీర తడిసింది. సాయంత్రం పాటల్లో, సరిగ్గా ఆమె గొంతెత్తే చోట లాగారు. ఆడవాళ్లు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. చిలకమ్మ మాత్రం దాచుకోలేదు.

"అమ్మగారికి మతి గానీ తప్పిందేటి?" అంది రత్నం చెవిలో.

రెండో రోజుకు రత్నం జుట్టు కుదుళ్లు సలపడం మొదలెట్టాయి. నాలుగు మెతుకులు సరిగ్గా తినలేదు. భద్రమ్మగారు అటు కదిలితే ఈమె మెడ బిగుసుకుపోయేది. ఆ కంగారులో మధ్యాహ్నం మొక్క దగ్గరికి వెళ్లడం కూడా మరిచిపోయింది. గుర్తురాగానే లేచింది. లేచిన మనిషిని జడ పట్టుకుని మళ్లీ వెనక్కి లాగారు.

ఇక ఓపిక పట్టలేకపోయింది.

"ఎందుకమ్మా అలా లాగుతున్నారు?"

"ఊడిందేమోనని."

"జడ ఎందుకూడుతుందమ్మా?"

"ఏమో. చలి కదా," అన్నారు భద్రమ్మగారు. ముఖంలో నవ్వు లేదు. "పొద్దున చూశాను, గట్టిగానే ఉంది. కానీ అది పొద్దుటి మాట."

వంటచావిడి గుమ్మంలో చిలకమ్మ పడీపడీ నవ్వింది. రత్నానికీ నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగా ఆమె చూపు బండ వైపు వెళ్లింది. ఎండలో మొవ్వాకు మీద ఆ గోధుమరంగు చార ఇక్కడికి కూడా కనిపిస్తోంది.

నవ్వు ఆగిపోయింది. ఆమె కింద కూర్చుండిపోయింది. భద్రమ్మగారు ఆ తర్వాత జడ జోలికి రాలేదు.

ఆ సాయంత్రం గడ్డి చుట్టబోతూ రత్నం మొవ్వ ముందు ఆగిపోయింది. ఇన్నాళ్లూ మొక్కను చంపేది చలి అనుకుంది. చలేనా? తనేనా? ఆ చార దగ్గర చెమ్మ దిగి లోపల ఏమైందో ఎవరికి తెలుసు? ఒక్కసారి లాగి చూస్తే తేలిపోతుంది. ఒక్కసారే. తాడు ముడివేసి, చేతులు చంకల్లో పెట్టుకుని వచ్చేసింది. తన బట్టలు రెండు జతలు మడిచి సంచిలో పెట్టుకుంది.

ఆ రాత్రి కొండమీద ఆ ఏడాదిలోకెల్లా గట్టి మంచు పడింది.

తెల్లవారేసరికి గడ్డంతా తెల్లబడి కాలు పెడితే కరకరలాడుతోంది. ఊట దగ్గర బిందెలో పైన పలచటి మంచుపలక కట్టింది. ఎండ కొండగట్టు దాటి బండ మీద పడేదాకా రత్నం అక్కడే నిలబడింది. చిలకమ్మ మంట రాజేసి పిలిచినా వెళ్లలేదు. భద్రమ్మగారు శాలువా కప్పుకుని వచ్చి పక్కన నిలబడ్డారు. జీపు మధ్యాహ్నం వస్తుందట.

ఎండ వచ్చాక రత్నం గడ్డి విప్పింది. బిగుసుకున్న గడ్డి పొరలు పొరలుగా ఊడొచ్చింది. తాడు విప్పగానే ఆకులు మెల్లగా పక్కకు వాలాయి. ఒక ఆకు కొన నీళ్లలో నానినట్టు నల్లబడి ఉంది. మొవ్వ మాత్రం నిలువుగా ఉంది. దానర్థం ఏమీ లేదని ఆమెకు తెలుసు. చచ్చినా నిలువుగానే ఉంటుంది.

ఆమె కుడిచెయ్యి లేచింది. దాన్ని తెచ్చి తన శాలువా లోపల పెట్టుకుంది.

"చూడవా?" అన్నారు భద్రమ్మగారు.

రత్నం తల అడ్డంగా ఊపింది.

"నీకు అక్కర్లేకపోవచ్చు. నాకు తేలాలి కదా. జీపులో ఎవరెవరు ఎక్కాలో చెప్పాలి."

అంటూ ఆమె మోకాళ్ల మీద చెయ్యి ఆనించి వంగారు. రెండు వేళ్లు చాచి మొవ్వాకును పట్టుకోబోయారు.

రత్నం ఆ చేతిని మణికట్టు దగ్గర పట్టుకుంది.

వంటచావిడి దగ్గర చిలకమ్మ చేతిలో కట్టె అలాగే ఉండిపోయింది. ఆశ్రమానికి వచ్చిన నాలుగేళ్లలో రత్నం గురువుగారి పాదాలు తప్ప ఇంకేదీ తాకి ఎరగదు. ఇప్పుడు ఆ ముసలి మణికట్టును గట్టిగా పట్టుకుని ఉంది. వదలాలని తోచలేదు.

"వద్దమ్మా."

"బతికుందో లేదో తెలియకుండా నిన్నిక్కడ ఎలా వదిలి వెళ్లను?"

"తెలియకుండానే వదిలి వెళ్లండి," అంది రత్నం.

భద్రమ్మగారు చెయ్యి విదిలించుకోలేదు. వంగినవారు వంగినట్టే ఆ పిల్ల ముఖంలోకి చాలాసేపు చూశారు. బండ మీద మంచు కరిగి సన్నగా జారుతోంది.

తర్వాత వంటచావిడి వైపు తిరిగి చెప్పారు.

"చిలకమ్మా, దారిలోకి అన్నం ఒక్కరికే కట్టు."