ముంత ఉన్నవాడు పేదవాడా?

ఒకానొక రాజ్యంలో, మా నాయనమ్మ చెప్పడం కృష్ణకి అవతల ఎక్కడో, ఉద్దండవర్మ అనే రాజు ఉండేవాడు. దైవభక్తి మెండు, గొప్పలు అంతకంటే మెండు.

ఒక కరువు ఏడాది ఆయన గంజిశాల పెట్టించాడు. దొంగపేదలు చేరకుండా తనే శాసనం రాయించాడు: "ముంత ఉన్నవాడికి ఆస్తి ఉన్నట్టే. వాడికి గంజి లేదు."

బుట్టలల్లే గవరమ్మ మనవరాలిని చంకనేసుకుని ముంతతో వచ్చింది.

"ముంతుందిగా, పో!" అన్నాడు అధికారి.

ముంత ఇంట్లో పెట్టి వచ్చింది.

"దేంట్లో పొయ్యను, నీ నెత్తిమీదా?"

ఆకుదొప్ప కుట్టుకొచ్చింది.

"దొప్ప మాత్రం ఆస్తి కాదూ?"

మూడు నెలలు ఎవరికీ చుక్క గంజి దక్కలేదు. రాజు మీసం దువ్వాడు. "చూశారా, ఒక్క పేదవాడూ తేలలేదు! ద్వాదశి వెళ్లగానే గంజిశాల మూసి, విజయస్తంభం ఎత్తండి."

గవరమ్మ ఆస్థాన విదూషకుడు చెన్నుభొట్ల దగ్గరకి పరుగెత్తింది. "బాబూ, పిల్ల నీళ్లు తాగి పడుకుంటోంది. అదీ మూసేస్తే ఎక్కడికి పోను?"

"ద్వాదశి దాకా మా ఇంట్లో తినండమ్మా. ఆపైన రాజుగారే పెడతారు."

ఏకాదశినాడు రాజు మంచినీళ్లు కూడా ముట్టడు. మర్నాడు పూజ ముగించి, బంగారు కంచం ముందు కూర్చున్నాడు. ఆ పూట వడ్డన చెన్నుభొట్లు అడిగి తీసుకున్నాడు. గరిటె పట్టుకుని నిలబడ్డాడే గానీ వంగలేదు.

"వడ్డించవేమయ్యా?"

"ప్రభువులకి కంచం ఉంది. శాసనం ఒప్పుకోదు."

రాజు విసుగ్గా కంచం తీయించాడు. "ఇప్పుడు వడ్డించు!"

"దేంట్లో, ప్రభూ?"

"ఆకు వెయ్యి!"

"ఆకూ ఆస్తేనండి. బుట్టలల్లే గవరమ్మ దొప్పని గంజిశాలలో అలాగే తిప్పి పంపారు."

నేతి పప్పు వాసనకి రాజుగారి పేగులు అరిచాయి. "ద్వాదశి ఘడియలు దాటిపోతున్నాయయ్యా! నిన్నంతా పస్తున్నాను!"

"ఒక్కరోజేగా ప్రభూ! మీ గంజిశాలలో ఆ గవరమ్మ మనవరాలికి మూడు నెలలుగా ఏకాదశే. ద్వాదశి రానేలేదు."

రాజు తన ముందున్న ఖాళీ నేలకేసి చూశాడు. తల వంచుకున్నాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ముంత తెచ్చినవాళ్లకి ముంతలో పొయ్యండి. లేనివాళ్లకి ముంత కూడా మనమే ఇద్దాం. ఆ స్తంభానికి తెచ్చిన రాళ్లు గంజిశాల పొయ్యికి వాడండి." చేతి కంకణం తీసి చెన్నుభొట్లకి తొడిగాడు. "ఇప్పుడైనా వడ్డించు నాయనా!"

"గవరమ్మ తిన్నదని కబురు రానివ్వండి, ప్రభూ."

ఆకలితోనే నవ్వుతూ కూర్చున్నాడట రాజు. ఇప్పటికీ ద్వాదశినాడు, గడప అవతల ఒకరికి పెట్టాకే మా ఇంట్లో విస్తళ్లు వేస్తాం.